తంజావూరి నగరులో ఒక తాటియాకు



ఏటేట ఈ దినమున మన పంతులుగారి పేర ఒక ఉపన్యాసము జరిపించుట ఈ సమాజమువారు పెట్టుకొన్న నియమము. ఈ యేటి వంతు నాకు వచ్చినది. పంతులుగారి శిష్యులలో నాకంటె గట్టిగా చదువుకొన్నవారు ఇదిగో ఈ ముందు వరుసలోనే కూర్చుండి యున్నారు. వారిని విడిచి నన్ను పిలుచుటకు కారణమేమని కార్యదర్శిగారి నడుగగా, "ఆయనతో తంజావూరు వెళ్ళినవారు మీరొక్కరే కదండీ" అనిరి. కావున ఆయన పాండిత్యమును గూర్చి గాని, ఆయన పరిష్కరించిన గ్రంథములను గూర్చి గాని నేను చెప్పబోవుట లేదు. ఒక రాజగృహమును, అందలి విగ్రహములను, చిత్తరువులను, పుస్తకములను ఆయన ఎట్లు చూచిరో, ఆయన ప్రక్కనే నిలిచియుండియు నేనెట్లు చూడలేకపోతినో, అంతమాత్రమే విన్నవించెదను.

తంజావూరు చేరిన తెలుగువాడు మొదట పెద్దగుడికి పోవును, పోవలసినదే. 1010లో రాజరాజచోళుడు పూర్తిచేసిన ఆ విమానమును చూచుటకై తల వెనుకకు వాల్చి వాల్చి మెడ నొప్పి పుట్టిన పిమ్మట, ఎండ ముదిరినవేళ, ఇంక చూడదగినవి ఏమున్నవని ఎవరినో అడిగి తెలిసికొని, రాజనగరు వైపు బండి కట్టించును. అప్పటికే అలసియుండును, ఆకలిగొని యుండును. మైసూరు నగరును దీపముల వెలుగులో చూచివచ్చిన కన్నులకు ఇది ఏమంత నగరుగా తోచదు. పదునారవ శతాబ్దిలో నాయకరాజులు కట్టనారంభించిన దానికి మహారాష్ట్ర ప్రభువులు తమ తమ యిచ్చకొలది చేర్చుచు పోయిరి గనుక, ఒక ముంగిలి దాటిన మరియొక ముంగిలియు, ఒక మండపము వెనుక మరియొక మండపమును, దేవాలయ విమానమువలె అంతస్తుమీద అంతస్తుగా సన్నగిల్లుచు పోవు గూడగోపురమును, గవాక్షముల వరుసలతో లేచిన మాడమాళిగయు, ఒకరి సంకల్పమున పుట్టినవిగా గాక, నాలుగు తరముల ఉమ్మడి కుటుంబము ఎవరికి కావలసిన గది వారు వేసికొన్న యింటివలె కానవచ్చును. పావురములకు కొదువ లేదు. ఒకచోట సముద్రతీరమున కొట్టుకొనివచ్చిన తిమింగలపు అస్థిపంజరమును సయితము నిలిపియున్నారు. పిల్లలు దానిని విడిచి ఒక పట్టాన కదలరు. నిజము చెప్పవలెనన్న, మొదటిసారి నేనును కదలలేదు.

ఈ గోడల నడుమ నూటనలుబది యేండ్లు తెలుగు రాజసభలో వెలిగినది. 1532 ప్రాంతమున చెవ్వప్పనాయకుడు రాజ్యము స్థాపించినది మొదలు, అచ్యుతప్ప, రఘునాథ, విజయరాఘవులతో కలిపి ప్రభువులు నలువురే. 1673లో మధుర నాయకుల సేన కోట చొచ్చుటతో ఆ కథ ముగిసినది. ఆ నలువురిలో 1600 మొదలు 1634 వరకు ఏలిన రఘునాథుడు స్వయముగా కవి, వైణికుడు. నేటి వీణకు మెట్లు స్థిరముగా అమర్చిన కీర్తిని సంగీతజ్ఞులు ఆయనకే కట్టబెట్టుదురు. చేమకూర వేంకటకవి విజయవిలాసమును అందుకొన్నవాడు ఆయనయే. ఆయన తెలుగు రామాయణమును మధురవాణి సంస్కృతములోనికి మార్చెను. రామభద్రాంబ ఆయన చరిత్రమునే సంస్కృత కావ్యముగా రచించెను. కుమారుడైన విజయరాఘవుడు తండ్రి దినచర్యను ద్విపదలో వర్ణించి, చాలక యక్షగానములు వ్రాసి, ఆడించి చూచెను. పసుపులేటి రంగాజమ్మ మన్నారుదాసవిలాసము పుట్టినది ఆ కొలువులోనే. మన వాఙ్మయచరిత్రకారులలో పలువురు ఈ కాలమునకు క్షీణయుగమని పేరు పెట్టి, శృంగారము మితిమీరినదని ముఖము చిట్లించి, నాలుగు పుటలలో దాటిపోవుట మీ రెరుగుదురు. నేనును చాలకాలము అట్లే పాఠము చెప్పితిని. ఆడువారు సభలో కూర్చుండి రాజుతో సమానముగా కవిత్వము చెప్పిన కాలమును క్షీణమనుటకు మనకెట్లు నోరు వచ్చెనో ఇప్పుడాలోచించిన ఆశ్చర్యమగును.

నాయకరాజ్యము పోయిన కొలది యేండ్లకే శివాజీ సవతి తమ్ముడు ఏకోజీ తంజావూరు ఆక్రమించెను. ఇచ్చట ఒక వింత. ఇంటిలో మరాఠీ మాటాడు ఈ ప్రభువులు నగరులోని తెలుగును వెళ్ళగొట్టలేదు. ఏకోజీ కుమారుడు శాహజీ తెలుగున యక్షగానములు వ్రాసెను. పల్లకీసేవా ప్రబంధము ఆయనదే. ముద్దుపళని రాధికాసాంత్వనము వ్రాసినది ప్రతాపసింహుని కాలమున. జయించినవాడు ఓడినవాని భాషలో పాట కట్టుట చరిత్రలో అంత తరచుగా జరుగు పని కాదు.

నగరు చూడవచ్చిన మేము మొదట కళామందిరము ప్రవేశించితిమి. నాయకుల కొలువుకూటమును కలుపుకొని 1951లో నెలకొల్పిన ఈ మందిరములో, ఊరూర పూజలు లేక పడియున్నవియు, భూమిలోనుండి బయటపడినవియు నైన శిలావిగ్రహములను, కంచువిగ్రహములను చేర్చియుంచిరి. తిరువెంగాటి వృషభవాహనమూర్తి వీనిలో ఒకటి. కావేరి సముద్రమున గలియు చోటికి చేరువలోని ఆ గ్రామమున ఈ మూర్తి మట్టిలో దాగియుండెను. 1011లో స్వామిని, మరుసటి యేట దేవిని చేయించినట్లు ఆ గుడి శాసనములే చెప్పుచున్నవి. స్వామి ఒక కాలిపై బరువు మోపి, రెండవ కాలిని దాని కడ్డముగా తెచ్చి, పొలము గట్టున ప్రొద్దు గ్రుంకువేళ నిలిచిన పశులకాపరివలె తీరికగా నిలిచియున్నాడు. జటలను తలపాగవలె చుట్టి పాములతో బిగించినారు. కుడిచేయి మోచేతికడ వంగి, వ్రేళ్ళు సడలి, ఎద్దుపై ఆనియున్నది. అయితే ఎద్దు లేదు.

ఆ యెదుట పంతులుగారు చాలసేపు నిలిచిరి. నేను శాసనము సంవత్సరమును, విగ్రహపు ఎత్తును నా పుస్తకములో వ్రాసికొనుచుంటిని. ఆయన నా భుజముపై చేయివేసి, "ఆ చేయి చూచితివా నాయనా? ఎద్దు లేదన్న సంగతి దానికింకా తెలియదు" అనిరి. నాకప్పుడు నవ్వు వచ్చినది. అదియొక చమత్కారమని తలచితిని.

దర్బారు మండపమున శరభోజి మహారాజు పాలరాతి ప్రతిమ చేతులు జోడించి నిలిచియున్నది. ఇంగ్లండు శిల్పి ఫ్లాక్స్‌మన్ చెక్కినది. ఈ ప్రభువును గూర్చి ఒకింత చెప్పకున్న తక్కిన కథ నడువదు. 1777లో పుట్టి, తుళజా మహారాజునకు దత్తుడై, ష్వార్ట్జ్ అను జర్మను మతగురువు సంరక్షణలో పెరిగి, 1798లో పట్టమునకు వచ్చి, మరుసటి యేడే రాజ్యమంతయు ఇంగ్లీషు కుంపిణీవారికి వ్రాసియిచ్చి, కోటను, కొంత భరణమును మాత్రము మిగుల్చుకొన్నవాడీయన. రాజ్యము పోయిన రాజులు ఆ కాలమున పలువురు. వారు తీరికను ఏమి చేసికొనిరో మనకు తెలియనిది కాదు. ఈయన దానిని పుస్తకములకు వెచ్చించెను. దేవనాగరి అచ్చులు పోయించి నగరులో ముద్రణాలయము పెట్టెను. ధన్వంతరి మహలు పేర వైద్యశాల నడిపెను. అందు కంటిరోగులకు చేసిన చికిత్సల వివరములను, ప్రతి రోగి కన్నును రంగులతో చిత్రింపించి, దాని ప్రక్కనే వ్రాయించి యుంచెను. పొర కమ్మిన ఆ కన్నుల చిత్తరువులను ఒకసారి చూచినవాడు మరువడు: రాజుల చిత్తరువులు తంజావూరిలో వందలున్నవి, పేరులేని కూలివాని కనుగ్రుడ్డును అంత శ్రద్ధతో వ్రాసిన చిత్రకారుడు మరియెచ్చట నున్నాడు? 1820లో కాశీయాత్రకు బయలుదేరి, రెండేండ్లు తిరిగి, అందరు గంగాజలము తెచ్చుకొను చోటినుండి ఆయన వ్రాతప్రతులను, ఘట్టముల చిత్తరువులను తెచ్చుకొనెను. ఐరోపానుండి ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మను గ్రంథములను తెప్పించి, పలు గ్రంథముల మొదట తన చేవ్రాలు ఇంగ్లీషున పెట్టుకొనెను. ఆ చేవ్రాలులో రాచఠీవి యేమియు కానరాదు. క్రొత్త పుస్తకము చేతబడిన విద్యార్థి తన పేరు వ్రాసికొన్నట్లుండును.

ఇదే సరస్వతీమహలు. నాయకుల నాటి సరస్వతీభండారము మహారాష్ట్రుల చేతబడి, శరభోజి కాలమున విస్తరించి, నేటికి ప్రతులు నలుబదివేలు దాటినది. వీనిలో సంస్కృతమే 39,000కు పైబడియున్నది. తమిళము, మరాఠీ వేలలో నున్నవి. మన తెలుగు ప్రతులు సుమారు 800. 1855లో చివరి ప్రభువు మగసంతతి లేక మరణింపగా కుంపిణీవారు నగరులోని సొత్తునంతటిని స్వాధీనపరచుకొనిరి. రాణులు దావా వేయగా అది ప్రీవీ కౌన్సిలు వరకు పోయి 1859లో వారికి ప్రతికూలముగా తీరినది; తరువాత ప్రభుత్వమువారే మనసు మార్చుకొని సొత్తు తిరిగి యిచ్చిరి. ఈ వ్యవహారము నడుమ పుస్తకములు వేలమునకు పోకుండుట మన యదృష్టము. జిల్లా జడ్జిగా వచ్చిన బర్నెల్ అను ఆంగ్లేయుడు సంస్కృత ప్రతులకు పట్టిక వేసి 1880లో ప్రకటించెను. 1918లో గ్రంథాలయము ప్రజలపరమైనది. పి.పి. సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వివరణాత్మక సూచి పందొమ్మిది సంపుటములు పట్టినది. తెలుగు ప్రతులను వెదకికొని మదరాసునుండి వచ్చిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, నిడుదవోలు వేంకటరావుగారు మొదలగు పెద్దలు పలికిన పలుకులచేతనే మనకీ వాఙ్మయము పేరైన తెలిసినది.

గ్రంథాలయమునకు చేరిక చిన్న ప్రదర్శనశాల యున్నది. యాత్రికులకు చూపునది దానినే. మనుష్యుల ముఖములను మృగముల ముఖములతో జతపరచి ఫ్రాన్సు దేశీయుడు లె బ్రూన్ వ్రాసిన చిత్రములును, చీనాలో నేరస్థులను దండించు తీరులును, గజశాస్త్రపు పటములును, 1784 నాటి జాన్సను నిఘంటువును అద్దముల చాటున పరచియుంచిరి. చూడదగినవే. కాని ఇక్కడ నా మనసులోని మాట చెప్పవలసియున్నది. కంచువిగ్రహమును అద్దమునకీవలనుండి చూచిన, పూజ లేకున్నను, దాని యందము కొంతయైన మనకందును. బంగారురేకు పొదిగిన తంజావూరి చిత్తరువును (వీనిని వ్రాసిన రాజు కులపు కుటుంబములు మన దేశమునుండి పోయినవేనని చెప్పుదురు) గోడమీదనే చూడవలెను. పుస్తకము సంగతి అట్లు కాదు. అద్దముచాటున తెరచిపెట్టిన పుస్తకము ఒక పుటయే తెరచియుండును. తక్కినదంతయు మూసియే యుండును. దానిని చూచితిమని చెప్పుకొనుట ఒకరింటి వాకిట నిలిచి విందు ఆరగించితిమని చెప్పుకొనుటవంటిది. ఆ శాలను నేను పది నిమిషములలో ముగించి వెలుపలికి వచ్చి, బండి మాటాడనా అని పంతులుగారి నడిగితిని.

ఆయన నన్ను లోపలికి, చదువుకొను గదిలోనికి తీసికొనిపోయిరి. ముందుగనే ఉత్తరము వ్రాసి అనుమతి పొందియుండిరట. ఒక అరవ ఉద్యోగి, నడివయస్సువాడు, నుదుట విభూతి, గుడ్డలో చుట్టిన కట్ట నొకదానిని తెచ్చి బల్లపై పెట్టెను, పడవేయలేదు, పెట్టెను. గుడ్డ విప్పగనే గుప్పున వాసన. వస, లవంగము, మిరియము, దాల్చినచెక్క, కర్పూరము మొదలైనవి దంచి చిన్న మూటలుగా కట్టి కట్టలనడుమ ఉంచుట అచ్చటి వాడుక, పురుగు చేరదు. బాలింతరాలి గదికిని, పాత పుస్తకమునకును ఒకటే మందు కాబోలునని పంతులుగారు నవ్విరి. పైన క్రింద కొయ్యచెక్కలు. నడుమ మూరెడేసి ఆకులు, చిల్లుగుండ ఎక్కించిన త్రాడు. ఆకుపై గంటము గీసిన గీతలలో మసి నింపగా అక్షరములు నల్లగా తేలినవి. పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు. పద్యమునకు పద్యమునకు నడుమ ఒక నిలువుగీత, అదియైనను ఉన్నచోట ఉన్నది. పకారమునకును వకారమునకును భేదము గంటము చివర ఎత్తినదా లేదా అన్నంతమాత్రము.

నేను బి.ఏ. తెలుగు చదివినవాడను. పావుగంటసేపు ఆ ఆకును రెండు చేతులతో పట్టుకొని కూర్చుండియు ఒక పాదము పూర్తిగా చదువలేకపోతిని. పంతులుగారు కండ్లద్దములు తీసి, ఆకును కిటికీ వెలుగునకు ఓరగా పట్టి, కంటితో గాక గొంతుతో చదువ మొదలుపెట్టిరి. యతి ఎచ్చట పడునో అచ్చట ఆగి, ప్రాస కలిసినచోట పాదము విరిచి, తాళము తప్పినచోట వెనుకకు వచ్చి, పకారమును వకారముగా మార్చి మరల పాడిరి. వ్రాయసకాడు విడువని ఎడములన్నియు ఆయన గొంతులో ఏర్పడినవి. అదియొక యక్షగానము, ద్వారపాలకుడు రంగముమీదికి వచ్చి సభవారిని హెచ్చరించు ఘట్టము. విభూతి పెట్టుకొన్న ఉద్యోగి తలుపుదగ్గర నిలిచి వినుచుండెను. పంతులుగారు ప్రతి పంక్తిని చదివి, తన చిన్న నోటుపుస్తకములో పెన్సిలుతో వ్రాసికొనుచుండిరి.

ఆకు త్రిప్పుట నా వంతు. మూడవ ఆకును త్రిప్పితిని. త్రిప్పుట కాదు, అచ్చుపుస్తకపు పుటను త్రోసినట్లు బొటనవ్రేలితో త్రోసితిని. అప్పడము విరిగినంత చప్పుడైనది. కుడి అంచున గోరంత ముక్క ఊడి బల్లపై పడినది. దానిమీద మూడక్షరములుండెను, ముక్కతోపాటు అవియు పొడియైనవి. నేను నోట మాట లేక కూర్చుంటిని. పంతులుగారు "మెల్లగా నాయనా" అని మాత్రము అని, లేచి ఆ ఉద్యోగి దగ్గరకు పోయి, తన చేతిలో ఆకు విరిగినదని చెప్పిరి. తన చేతిలోనని. అతడు పరుషముగా ఒక్క మాట అనలేదు. పొడిని కాగితములో మడిచి ఆకునంటియే కట్టలో పెట్టెను. ఆ రాత్రి రైలులో నిదుర పట్టలేదు నాకు. పంతులుగారికి పట్టినది.

అప్పటినుండి ఒక సంగతి నన్ను విడువలేదు. ఆ ఆకుమీదిది తెలుగు. వ్రాయించినవారు తెలుగువారు. కాని 1673 తరువాత దానిని దాచినది మరాఠీవారు, మసి తుడిచి మూట కట్టి కాచినది తమిళులు, దావా నడుమ దానికి ఆసరాగా నిలిచినది ఏ భాషదో తెలియని అదృష్టము. దానికి మన చేతినుండి ముట్టినది, నావరకు, విరిగిన అంచు. తెలుగు గ్రంథములకు తెలుగుదేశమే పుట్టినిల్లని, మెట్టినిల్లని మనము సభలలో అనుకొనుచుందుము. తంజావూరిలో కూర్చుండి ఆ మాట అనుట కష్టము. త్యాగరాజస్వామి సంగతియే చూడుడు: శరభోజికి సమకాలికుడు, నగరునకు కొలది మైళ్ళలో తిరువయ్యారున ఉండినవాడు, తెలుగున పాడినవాడు, ఆయన కృతుల వ్రాతప్రతులు ఏ రాజభాండారమునను గాక, వాలాజాపేట శిష్యుల యిండ్లలో దాగి, మధుర సౌరాష్ట్రసభకు చేరినవి. కాచినవారు అచ్చటను మనము కాము.

పంతులుగారు పోయిన రెండేండ్లకు మరల తంజావూరు వెళ్ళితిని. వైశాఖమాసము. నృసింహజయంతికి మెలట్టూరున భాగవతమేళము ఆడుచున్నారని విని ముందు అచ్చటికే పోయితిని. అచ్యుతప్పనాయకుడు బ్రాహ్మణ కుటుంబములకు దానమిచ్చిన గ్రామమది. వేంకటరామశాస్త్రిగారు రచించిన ప్రహ్లాదచరిత్రను ఆ కుటుంబములవారే, ఆడువేషములు సయితము మగవారే కట్టి, రాత్రియంతయు ఆడుదురు. నరసింహుని ముఖమునకు గుడిలో పూజ జరుగును. దానిని ధరించువాడు ఉపవాసముండును. వీథిలో ఇసుకపై కూర్చున్న ముసలమ్మలు అరవములో మాటాడుకొనుచు, తెలుగు దరువు రాగానే దానితో పెదవి కలుపుచుండిరి. ద్వారపాలకుడు వచ్చి సభవారిని హెచ్చరించెను. ఆ పాట కాదు, ఆ మాటలు కావు. కాని ఆ నడక నేను విన్నదే. తిరువెంగాటి స్వామి కుడిచేయి నాకప్పుడు జ్ఞాపకము వచ్చినది, దాని క్రింద ఏమి ఉండవలసియున్నదో కూడ.

మరునాడు నగరులో అదే కట్టను అడిగి తెప్పించితిని. తెచ్చినవాడు వేరు, పడుచువాడు. ఆ నడివయస్సువాని కొడుకేమో అనిపించినది గాని అడుగలేదు. వస వాసన అదే. మూడవ ఆకు అంచున గోరంత లోటు, దానినంటి మడిచిన కాగితము. పంతులుగారి యింటివారు నాకిచ్చిన నోటుపుస్తకమును ప్రక్కన తెరచిపెట్టి చూచితిని. ఆకు ఆగినచోట పెన్సిలు వ్రాత ఆగక సాగినది. మూడక్షరములు, మొదటిది పకారము కాదు వకారమని తెలియుటకు క్రింద ఒక గీత. నేను చాలసేపు రెంటిని చూచుచుండగా ఆ పడుచువాడు వంగి, అది మీ వ్రాతయా అని అరవములో అడిగెను. కాదు, మా వాధ్యారుది అంటిని. అతడు ఆకును, నోటుపుస్తకమును మార్చి మార్చి చూచి, లోటున్నచోట వ్రేలు ఆనించక మీదుగా చూపి, ఇదేనా అన్నట్లు తల ఊచెను. నేనును ఊచితిని. అప్పుడు కట్టను చెక్కలనడుమ సరిచేసి, మూటను లోపల పెట్టి, త్రాటిని రెండు చుట్లు చుట్టి, ముడి వేసెను.